రాసేటోళ్లకంటె ముందు చదివేటోళ్లను వెతుకుదాం



పోస్టు పొడుగుంటది. మెస్‌ల అన్నం తిన్నంక తీరుబాటుగ చదవండ్రి.

సంగతి మీకు తెలిసిందే. జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడు జిల్లాల హాస్టల్ పిల్లలం కొందరం కలిసి ఈ చలికాలంల ఫోన్ల మీదనే నాలుగు వారాల రాత కోర్సు ఒకటి తయారుచేసి నడిపిచూసినం. కథ, వ్యాసం, ఊరి ముచ్చట రాసుడు నేర్చుకునేటందుకు. ఇప్పుడు రెండో బ్యాచ్ మాట వచ్చింది. ఉద్యోగాలల్ల స్థిరపడ్డ మన అన్నలు కొందరు పైసల సాయం చేస్తమని ముందుకొచ్చిన్రు. వాళ్లకు దండం. అయితే ఆ పైసలతోని ఏం చేయాలె అన్నకాడ రెండు మాటలు వినపడుతున్నయ్. ఒకటి: యాప్ చేయిద్దాం, పేరున్న రచయితలతోని వీడియోలు తీయిద్దాం, వందలమందిని చేర్చుకుందాం, చివరికి సర్టిఫికెట్ ఇద్దాం. రెండోది మా మాట: బ్యాచ్ చిన్నగనే ఉండనియ్యాలె, పైసలు రీచార్జులకు, చదివి జవాబిచ్చే మనుషులకు పెట్టాలె. ఎందుకు ఇట్ల అంటున్నమో చెప్పేటందుకే ఈ పోస్టు.

ముందుగాల, మనకు రాత కోర్సు ఎందుకు? గ్రూప్ పరీక్షలకు చదువుకోక ఈ కథలెందుకని అడిగిన సీనియర్లున్నరు. వాళ్లకు జవాబు మన జిల్లాలల్లనే ఉన్నది. పాలకుర్తి సోమనాథునిది. బమ్మెర పోతనది. రెండూ ఇయ్యాల జనగామ జిల్లాలనే ఉన్నయ్. దాశరథి కృష్ణమాచార్య, రంగాచార్య అన్నదమ్ములు పుట్టిన చినగూడూరు మానుకోట జిల్లాల ఉన్నది. ఎనిమిది వందల ఏండ్ల సంది రాస్తున్న నేల ఇది. అదే నేల మీద తండాలున్నయ్, గూడేలున్నయ్. మానుకోట జిల్లాల మూడోవంతుకు పైగా జనం మనోళ్లే. 2018 పంచాయతీరాజ్ చట్టంతోని అయిదు వందల జనాభా దాటిన తండాలు గ్రామ పంచాయతీలైనయ్. బోర్డు పడ్డది, సర్పంచ్ వచ్చిండు. కానీ ఆ తండా ఎప్పుడు పుట్టింది, ఎవరు మొదటి గుడిసె వేసిన్రు, ఆ పేరు ఎట్ల వచ్చింది అంటే కాగితం మీద ఒక్క ముక్క లేదు. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచిన జాటోత్ ఠాణూ నాయక్ గురించి పుస్తకాలల్ల నాలుగు వాక్యాలుంటే, దేవరుప్పుల దిక్కు తండాలల్ల ముసలోళ్ల నోట నలభై ముచ్చట్లున్నయ్. ఆ ముసలోళ్లు ఎన్నేండ్లుంటరు?

కోయల కాడ గూడ ఇదే. డోలీలు పడిగె పటం పట్టి ఇలవేల్పుల కథ, సమ్మక్క సారలమ్మ కథ పాడుతరు. ఆ పాటకు 2022ల పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య 2024ల కాలం చేసిండు. పద్మశ్రీ వచ్చినంక గూడ ఆయన నోట ఉన్నదంతా రాసుకున్నమా అని మనల్ని మనం అడగాలె. బయటోళ్లు వచ్చి రాసిపెడ్తరు, వాళ్లకు దండం పెట్టాలె. కానీ ఇంటోళ్లు రాసేది వేరే ఉంటది. రమేశ్ కార్తీక్ నాయక్ అన్న ‘ఢావ్లో’ కథలకు 2024ల కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చినప్పుడు మన హాస్టళ్లల్ల ఎంత సంబురమైందో మీరందరు చూసిన్రు. పెండ్లిల బిడ్డ ఏడ్చే పాట పేరు పుస్తకం మీదికెక్కింది. అది చూసినంకనే మాల చాలామందికి ‘మనం గూడ రాయొచ్చు’ అన్న ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం చల్లారకముందే పట్టుకోవాలె.

ఇగ ఆన్‌లైన్ సంగతి.

ఆన్‌లైన్ చదువు మనకు కొత్తగాదు. 2020 సెప్టెంబర్ 1 నాడు టీవీల పాఠాలు మొదలైనప్పుడు మేము హైస్కూల్ల ఉన్నం. టీవీ ఉన్న ఇంట్ల పది మందిమి కూసొని చూసినం. పాఠం మంచిగనే ఉండేది. కానీ అర్థంగాక చెయ్యి ఎత్తితే చూసేటోళ్లు లేకుండె. చెప్పుడు ఒక దిక్కు, వినుడు ఒక దిక్కు. మధ్యల ఎవరు లేరు. తర్వాత డిగ్రీకొచ్చినంక మాల కొందరం పట్నంల నడిచే ఒక ఆన్‌లైన్ రచన కోర్సుల చేరినం. పేరు వద్దు. క్లాసు రాత్రి తొమ్మిదింటికి, కెమెరా ఆన్‌ల పెట్టాలె. హాస్టల్ రూముల పదిమంది, ఎనుక తీగ మీద ఆరేసిన బట్టలు, కెమెరా ఎట్ల పెడ్తం? ఒకామె రాసిన దాంట్ల ‘యాడి’ అని ఉంటె కొట్టేసి ‘అమ్మ’ అని దిద్దిన్రు. ‘ఫేటియా’ తీసేసి ‘లంగా’ పెట్టిన్రు. ఆమె మళ్ల ఏం పంపలేదు. రికార్డు క్లాసుల లింకు ఇప్పటికీ ఫోన్‌ల ఉన్నది, ఎవ్వరం తెరవలే.

ఇది మన ఒక్కరి కథ గాదు. హార్వర్డ్, ఎంఐటీ లాంటి పెద్ద యూనివర్సిటీలు పెట్టిన ఆన్‌లైన్ కోర్సుల లెక్కలు 2019ల ‘సైన్స్’ పత్రికల వచ్చినయ్. 2017-18ల చేరినోళ్లల్ల పూర్తి చేసింది సుమారు 3 శాతమే. అంత పైసలు, అంత పేరు, అంత మంచి వీడియోలు ఉన్నోళ్లకే వందకు ముగ్గురు మిగిలిన్రు. ఇంకో దిక్కు ఆథర్‌ఎయిడ్ అని ఒక పని ఉన్నది. పేద దేశాల పరిశోధకులకు వ్యాసం రాసుడు నేర్పుతరు. వాళ్లు నెట్ సరిగ లేనోళ్లను దృష్టిల పెట్టుకొని వీడియోలు పక్కకు పెట్టి చదువుకునే పాఠాలు చేసిన్రు. ఒకరి రాత ఒకరు చదివి మార్కులు వేసుకునే పద్ధతి పెట్టిన్రు. చర్చల్ల జవాబు చెప్పేటందుకు తోడు మనుషులను కూసోబెట్టిన్రు. మామూలు ఆన్‌లైన్ కోర్సులకంటె వాళ్లకాడ చివరిదాక నిలబడ్డోళ్లు చాలా ఎక్కువ.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఛత్తీస్‌గఢ్‌ల ఉన్నది. 2010ల మొదలైన సీజీనెట్ స్వర. గోండు పల్లెలోళ్లు మామూలు కీప్యాడ్ ఫోన్‌తోని ఒక నంబరుకు చేసి తమ ఊరి వార్త నోటితోనే చెప్తరు. అవతల దాన్ని వినే మనుషులుంటరు. నిజమా కాదా కనుక్కుంటరు, అవసరముంటే మళ్ల అడుగుతరు, తర్వాతనే అందరికి వినిపిస్తరు. చదువు రానోళ్లు గూడ విలేకరులైన్రు. మెషీన్ గొప్పది కాబట్టి గాదు. అవతల వినేటోళ్లున్నరు కాబట్టి.

మేము నాలుగు వారాల్ల చూసింది గూడ ఇదే. ఇది అన్నిటికంటె పెద్ద సంగతి కాబట్టి ముందు చెప్తున్నం: రాత పాఠం వింటే రాదు. రాసింది ఒక మనిషి చదివి జవాబిస్తేనే వస్తది. మేము పంపిన పాఠం ఎంత మంచిగున్నా చదివి ‘సూపర్’ అని బొటనవేలు బొమ్మ పెట్టి ఊకున్నరు. అదే, తను రాసిన పేజీకి ‘మిర్చి ఏరినంక చేతులు మండుతుంటె మీ అమ్మ ఏం పూసుకునేది? అది గూడ రాయవా’ అని ఒక్క ప్రశ్న పోతె, తెల్లారేసరికి ఇంకో పేజీ వచ్చింది. ఆ ప్రశ్న అడిగింది రచయిత గాదు, బీకాం రెండో సంవత్సరం చదివే అక్క. ఆమెకు వ్యాకరణం గొప్పగ రాదు. మిర్చి చేన్ల పనిజేసిన చేతులు మాత్రం ఉన్నయ్. అందుకే ఏం అడగాలనో ఆమెకు తెలిసింది.

మొదటితరం చదువుకున్నోళ్లం మనం. మనం రాసింది మన ఇండ్లల్ల చదివేటోళ్లు లేరు. పట్నం పిల్లగాడు కవిత రాస్తే వాళ్ల నాయిన చదువుతడు, మామ చదువుతడు, ఇంటిపక్క సారు చదువుతడు. మన యాడి మన పరీక్ష పేపర్ తలకిందులుగ పట్టుకొని ముద్దు పెట్టుకుంటది. ఆ ప్రేమకు సాటి లేదు గానీ, ఈ వాక్యం ఇక్కడ తెగింది బిడ్డా అని చెప్పే మనిషి గూడ కావాలె గదా. కోర్సు ఇయ్యాల్సింది ఆ మనిషిని. మిగిలినయన్నీ దాని తర్వాతనే.

దీనికి లెక్క సింపులే. ఒక రాత చదివి నాలుగు మాటలు చెప్పాలంటె ఇరవై నిమిషాలు. వారానికి నలుగురి రాత చూస్తే గంటా ఇరవై నిమిషాలు. డిగ్రీ చదువుకుంట ఒకరు ఇయ్యగలిగేది గంతే. అంటే పది మంది చదివేటోళ్లుంటె నలభై మంది రాసేటోళ్లను తీసుకోవచ్చు. ఇరవై మంది దొరికితే ఎనభై. వందలమందిని చేర్చుకుందామనే అన్నలను మేము అడిగేది ఒక్కటే: ఆ వందలమంది రాసింది ఎవరు చదువుతరు? జవాబు లేకపోతే అది కోర్సు గాదు, సభ. సభలు మనం మస్తు చూసినం.

చదివేటోళ్లకు మేము మూడు ప్రశ్నలే ఇచ్చినం. ఎక్కడ చదువుకుంట ఆగి మళ్ల చదివినవ్, అంత మంచిగనిపించింది ఏంది? ఎక్కడ అర్థంగాలే? ఇంకా ఏం తెలుసుకోవాలనిపించింది? ఒత్తులు, దీర్ఘాలు మొదటి వారం ముట్టుకోవద్దు. అక్షర దోషాలతోని మొదలుపెడితే మనోళ్లు నోరు మూసుకుంటరు. స్కూల్ల పన్నెండేండ్లు ఎర్ర పెన్నుతోనే బతికినం కదా.

రెండో సంగతి ఫోన్. కోర్సు తయారుచేసేటోళ్లు ల్యాప్‌టాప్ ముందల కూసొని చేస్తరు, నేర్చుకునేటోళ్లు పగిలిన స్క్రీన్ మీద చూస్తరు. మనోళ్ల డేటా రోజుకు ఒకటో ఒకటిన్నరో జీబీ, దాంట్ల తమ్ముడు గేమ్ ఆడాలె, నాయిన వీడియోలు చూడాలె. భూపాలపల్లి అడవి అంచున ఉన్న మన దోస్తులు సెలవులల్ల ఇంటికి పోతె సిగ్నల్ కోసం గుట్టెక్కాలె. ఆ మనిషికి లైవ్ క్లాస్ అంటే పరీక్ష తప్పినట్టే. అందుకే పాఠం ఒక్క పేజీ మించొద్దు, వాట్సాప్‌ల మెసేజ్ లెక్కనే రావాలె, ఒక్కసారి దిగితే మళ్ల నెట్ లేకున్నా చదువుకోగలగాలె. కొత్త యాప్ అంటే కొత్త పాస్‌వర్డ్, కొత్త ఓటీపీ, ఫోన్‌ల జాగ లేదని ఇంకేదో ఫొటోలు తీసేసుడు. వద్దు. ఉన్న దాంట్లనే చేద్దాం.

టైపింగ్ గూడ ఒక అడ్డమే. 2006ల వచ్చిన లేఖిని సంది ఇప్పటి ఫోన్ కీబోర్డు దాక తెలుగు టైపింగ్ ఎంతో తేలికైంది, నిజమే. అయినా తొలిసారి రాసేటోళ్లకు నోట్‌బుక్కే మేలు. నోట్‌బుక్‌ల రాసి ఫొటో తీసి పంపుతమన్నరు, సరే అన్నం. మాట్లాడి పంపుతమన్నరు, సరే అన్నం. వాయిస్ టైపింగ్ తెలుగును పట్టుకుంటది గానీ గోర్ బోలి మాట్లాడితె ఏదేదో రాస్తది. అట్లాంటివి మనిషే విని రాసిపెట్టాలె. అట్ల రాసిపెట్టుడు గూడ చదివేటోళ్లకు మంచి సాధన.

మూడోది టైము. మన సంవత్సరం కాలేజీ క్యాలెండర్ ప్రకారం నడవది. పత్తి ఏరుడు, మిర్చి ఏరుడు, ఇప్పపువ్వు, తునికాకు, తీజ్, రెండేండ్లకోసారి మేడారం, మధ్యల సెమిస్టర్ పరీక్షలు. మిర్చి ఏరే నెలల్ల మానుకోట పిల్లలను రోజుకో పేజీ రాయమనుడు అన్యాయం. తునికాకు సీజన్ల భూపాలపల్లి పిల్లలు తెల్లారకముందే అడవిల ఉంటరు. కాబట్టి రోజు గడువు వద్దు, వారం గడువు పెట్టాలె. ఒక వారం తప్పితే ‘నువ్వు అవుట్’ అనొద్దు, తర్వాతి వారం కలిసేటట్టు దారి ఉంచాలె. మూడు జిల్లాల్లకు పనులు కొంచెం తగ్గే వారాలు చూసి మొదలుపెట్టాలె. ఇది చిన్న విషయం అనిపిస్తది గానీ, సగంల ఆగిపోయినోళ్లను అడిగితే ‘రాయబుద్ధి గాలే’ అన్నోళ్లు లేరు. ‘టైం దొరకలే, మళ్ల రావాలంటె సిగ్గైంది’ అన్నోళ్లే. ఆ సిగ్గు లేకుండ చేసుడు కోర్సు నడిపేటోళ్ల పని.

నాలుగోది భాష. దీని మీద గ్రూపుల వాదన జరిగింది కాబట్టి కొంచెం వివరంగ చెప్తం. జనగణనల లంబాడీని హిందీ కింద కలిపి లెక్కపెడ్తరు. కోయను వేరే భాషగ లెక్కపెడ్తరు గానీ దానికి బడి లేదు, పేపర్ లేదు. ఉమ్మడి రాష్ట్రంల 2004ల ఎనిమిది గిరిజన భాషలల్ల చిన్నపిల్లలకు తెలుగు లిపితోనే వాచకాలు మొదలుపెట్టిన్రు. కోయ, గోండి, కొలామి, బంజారా అన్నీ దాంట్ల ఉన్నయ్. అంటే మన మాటను తెలుగు అక్షరాలల్ల రాయొచ్చని ఇరవై ఏండ్ల కిందనే సర్కారు ఒప్పుకున్నది. మనం ఎందుకు వెనకాడాలె?

మేము పెట్టిన పద్ధతి ఇది. మొదటి రాత ఏ భాషల వస్తే ఆ భాషల. గోర్ బోలి అయినా, కోయ అయినా, మన ఇంటి తెలుగైనా. రెండో రాత ఆ భాష రానోళ్లకు గూడ తెలిసేటట్టు. ఏ మాట మార్చొద్దో రాసినామెనే చెప్పాలె. మూడోసారి పత్రికకు పంపాలంటె పత్రిక తెలుగు ఎట్లుంటదో చూపించాలె. మూడు మెట్లు. ప్రామాణిక తెలుగు నేర్పొద్దు అనుడు లేదు. అది రాకపోతే పరీక్షల్ల మనమే నష్టపోతం. కానీ అది మూడో మెట్టు. దాన్ని మొదటి మెట్టు చేస్తే ఎక్కేటోళ్లే ఉండరు. ‘యాడి’ అని రాసిన కథ ‘అమ్మ’ అని మారినప్పుడు పదం ఒక్కటే మారదు. ఆ వాకిలి మారుతది, ఆ పొయ్యి మారుతది, రాసిన మనిషి పరాయి ఇంట్ల కూసున్నట్టయితది.

ఇక్కడ ఒక జాగ్రత్త గూడ చెప్పాలె. మూడు జిల్లాలు కలిపితే సంఖ్యల లంబాడీ పిల్లలం ఎక్కువున్నం. కోయ, నాయకపు పిల్లలు తక్కువున్నరు. పెద్దోళ్ల మధ్య రిజర్వేషన్ల మీద ఏ పంచాయితీ ఉన్నా, ఒక మెస్‌ల తినే మనం ఒకరి కథ ఒకరం చదవకపోతే ఇగ ఎవరు చదువుతరు? కోయ భాషల వచ్చిన రాతకు కోయ తెలిసిన చదివేటోళ్లు తప్పనిసరి ఉండాలె. లేకపోతే ‘గిరిజన రచయితల కోర్సు’ అని పేరు పెట్టుడు న్యాయం గాదు. పేరు పెట్టేముందు కోయ, నాయకపు దోస్తులను అడిగి వాళ్లను తయారీలనే కూసోబెట్టాలె. పిలుపు పంపి ‘రాలేదు’ అనుడు గాదు.

అయిదోది ఆడపిల్లలు. మాల బాగ రాసినోళ్లల్ల ఎక్కువమంది చెల్లెళ్లే. కానీ సెలవులల్ల ఇంటికి పోతె ఫోన్ అన్న చేతిల ఉంటది. ‘ఎవనితోని మెసేజులు’ అని అడుగుతరు. పేరు, ఫొటో బయట పడితే తండాల మాటలు పుడ్తయ్. కాబట్టి కలం పేరు పెట్టుకునే హక్కు మొదటి రోజే ఇయ్యాలె. ఆడపిల్లల రాతలు చదివేటోళ్లు అక్కలే ఉండాలంటె అట్లనే ఉండాలె. రాసింది రాసినామె ఒప్పుకోనిదే ఎవ్వరు స్క్రీన్‌షాట్ తీయొద్దు, ఫార్వర్డ్ చేయొద్దు. ఈ ఒక్క నియమం తప్పినోళ్లను మాత్రం మేము వెంటనే తీసేస్తం. దీంట్ల మెత్తదనం లేదు.

ఆరోది ఏం రాయమనాలె. బయట పోటీలల్ల మనకు ఇచ్చే అంశాలు చూడండ్రి: గిరిజనుల కష్టాలు, గిరిజనుల వెనుకబాటు. మనం మన దుఃఖం అమ్ముకునే దుకాణం పెట్టలేదు. మేము ఇచ్చిన పనులు వేరే. మీ తండా పేరు ఎట్ల వచ్చింది, ముగ్గురిని అడిగి రాయండ్రి. ముగ్గురు మూడు తీర్లు చెప్తే మూడూ రాయండ్రి. సళోయి ఎట్ల వండుతరో వండరానోళ్లకు అర్థమయ్యేటట్టు రాయండ్రి. హాస్టల్ల మొదటి రాత్రి పక్క పరుపు మీద ఎవరున్నరు? రేషన్ దుకాణం కాడ వేలిముద్ర పడకపోతే ముసలామె ఏమన్నది, ఆమె మాటలల్లనే రాయండ్రి. ఇట్ల అడిగితే మాకు ఏడుపు వచ్చింది, నవ్వు గూడ వచ్చింది. ఒక తమ్ముడు తండాకు కొత్తగ వచ్చిన పంచాయతీ ఆఫీసు తాళంచెవి ఎవరికాడ ఉండాలె అన్న పంచాయితీ రాసిండు. దాంట్ల మొత్తం రాజకీయం ఉన్నది.

పెద్దోళ్లను అడిగి రాసేటప్పుడు ఇంకో నియమం. అన్ని పాటలు అందరికోసం గాదు. కొన్ని ఇలవేల్పు కాడ మాత్రమే పాడుతరు, కొన్ని చావు కాడ. రికార్డు చేసేముందు అడగాలె, వద్దంటే ఆపాలె, రాసినంక వాళ్లకు చదివి వినిపించాలె. ‘మా మనవడే కదా’ అని వాళ్లు నమ్ముతరు, ఆ నమ్మకం మీదనే మనం నిలబడ్డం. రాసిన వాటిని వికీపీడియాల ఎక్కిద్దామని కొందరన్నరు. మంచి ఆలోచనే. తెలుగు వికీపీడియా 2003 సంది ఉన్నది, ఎవ్వరైనా రాయొచ్చు. కానీ దానికి అచ్చైన ఆధారం కావాలె, ముసలామె నోటి మాట అక్కడ చెల్లది. 2011ల ఇండియాల, దక్షిణాఫ్రికాల నోటి మాటను ఆధారంగ తీసుకోవాలని ఒక ప్రయత్నం జరిగింది, చర్చ నడిచింది, ఆ గోడ ఇంకా ఉన్నది. అంటే ముందు మనమే ఆ మాటలను పేరు, ఊరు, తేదీ పెట్టి ఒక పుస్తకంగ అచ్చు వేసుకోవాలె. రేపు ఆధారం అదే అయితది.

ఇగ సర్టిఫికెట్. అన్నలు నొచ్చుకోవద్దు. సర్టిఫికెట్ పెడితే దానికోసం వచ్చేటోళ్లు వస్తరు. ఏఐతోని రెండు నిమిషాలల్ల కథ రాయించి పంపుతరు. ఆ కథల తండా ఉంటది గానీ వాసన ఉండది. చదివేటోళ్ల ఇరవై నిమిషాలు దాని మీద పోతయ్. సర్టిఫికెట్ బదులు చివరికి అందరి రాతలు కలిపి చిన్న పుస్తకం జిరాక్స్ తీసి, కుట్టు వేసి, ఒక్కొక్కరికి రెండు కాపీలు ఇద్దాం. ఒకటి రాసినోళ్లకు, ఒకటి తండాకో గూడేనికో. ఏ ఉద్యోగానికి పనికిరాదు, నిజమే. కానీ ఊళ్లె ఎవరన్న చదివి వినిపిస్తే ఆ రోజు ఆ ఊరికి రాసే మనిషి ఒకరున్నరని తెలుస్తది.

‘ఆన్‌లైన్ ఎందుకు, హన్మకొండల రెండు రోజుల క్యాంపు పెడితే సరిపోదా’ అని అడిగినోళ్లకు: క్యాంపు సంతోషం వేరే, కాదనం. పైసలు మిగిలితే చివరల ఒక్క రోజు కలుసుకుందాం. కానీ బస్ కిరాయి, హాస్టల్ పర్మిషన్, ఆడపిల్లల ఇంట్ల ఒప్పించుడు, ఇవన్నీ దాటి వచ్చేటోళ్లు ఎప్పుడూ వచ్చేటోళ్లే. పైగా రాత రెండు రోజుల్ల రాదు. రాసి, వారం ఆగి, జవాబు చూసి, మళ్ల రాస్తేనే వస్తది. ఆ ఆగుడుకు ఫోన్ మంచి సాధనం. పేరున్న రచయితలను పిలువొద్దని గూడ మేము అంటలేం. వాళ్లు గంట మాట్లాడుడు కంటె, మన పిల్లల రాతలు రెండు చదివి రెండు మాటలు పంపితే పదింతలు మేలు. అట్ల అడుగుదాం. కాదనేటోళ్లు తక్కువే ఉంటరు.

కాబట్టి రెండో బ్యాచ్‌కు రిజిస్ట్రేషన్ లింక్ ఇప్పుడే తెరవొద్దని మా మనవి. ముందుగాల చదివేటోళ్ల పేర్లు రానియ్యండ్రి. డిగ్రీ రెండో సంవత్సరం దాటినోళ్లు, బీఈడీ చేసేటోళ్లు, పంచాయతీ కార్యదర్శులుగ, టీచర్లుగ పనిచేసే అన్నలు అక్కలు, వారానికి గంటా ఇరవై నిమిషాలు ఇయ్యగలిగినోళ్లు పేరు, జిల్లా, చదవగలిగే భాష రాయండ్రి: గోర్ బోలి, కోయ, తెలుగు. రచయిత అయ్యుండాల్సిన పని లేదు. ఓపికగ చదివి, నిజం చెప్పి, మనసు విరగ్గొట్టకుండ ఉంటె చాలు. ఎంతమంది వస్తరో లెక్కపెట్టి, దానికి నాలుగింతలమందిని రాసేటోళ్లను తీసుకుందాం. ఒక్కరు వస్తే నలుగురితోనే మొదలుపెడ్దాం.

పైసలిచ్చే అన్నలకు ఆఖరి మాట. మీరు మీ రోజులల్ల రాసుకున్న నోట్‌బుక్కులు ట్రంకు పెట్టెల అడుగున ఉన్నయని మాకు తెలుసు. అప్పుడు చదివేటోళ్లు లేక మూతబడ్డయ్. మీ పైసలు తీసుకుంటం. కానీ ముందు మీ పేరు చదివేటోళ్ల జాబితాల రాయండ్రి.